నలభై గ్రహాలు, ఒక్క మౌస్: స్టెల్లారిస్‌తో తొమ్మిదేళ్లు

అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టుకునే కంప్యూటర్ గేమ్ స్టెల్లారిస్ 2016 మే 9న విడుదలైంది. నేను ఆ ఏడాది చివర్లో సేల్‌లో కొన్నాను. ఇప్పటికి 1,100 గంటలు దాటాయి. అంతరిక్ష స్ట్రాటజీ ఆటల్లో నాకు ఇంతకన్నా ఇష్టమైనది లేదు. అయినా ఇన్నేళ్లలో చివరిదాకా ఆడినవి పట్టుమని పది కూడా ఉండవు. ఓడిపోయి వదిలేసినవి తక్కువే. ఎక్కువ భాగం గెలుస్తూ ఉండగానే విసుగొచ్చి ఆపేశాను. అలా ఎందుకు జరుగుతుందో చాలా రోజులు ఆలోచించాను, ఈ సమీక్ష దాని గురించే.

ఆటలో కాలం 2200లో మొదలవుతుంది. చేతిలో ఒక గ్రహం, ఒక సైన్స్ షిప్, ఒక కన్‌స్ట్రక్షన్ షిప్, మూడు కార్వెట్లు (చిన్న యుద్ధనౌకలు). పక్క నక్షత్రాన్ని మనది చేసుకునే అవుట్‌పోస్ట్ కట్టాలంటే అల్లాయ్స్‌తో (మిశ్రమ లోహాలు) పాటు ఇన్‌ఫ్లుయెన్స్ (పలుకుబడి) కావాలి. అది మొదట్లో నెలకు మూడో నాలుగో పాయింట్లు వస్తుంది. అంటే ఒక్క అవుట్‌పోస్ట్‌కి దాదాపు రెండేళ్ల సంపాదన పోతుంది. ఎడమవైపు కాలనీ పెట్టుకోదగ్గ గ్రహం ఉంది. కుడివైపు ఏ వనరూ లేని నక్షత్రం, కానీ పొరుగువాడు మన మీదికి రావాలంటే దాన్ని దాటే రావాలి. ఏది ముందు? ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆట పాజ్ చేసి, లేచి టీ పెట్టుకుని వచ్చి, మళ్లీ మ్యాప్ ముందు కూర్చున్న రాత్రులున్నాయి. క్లిక్ ఒక్కటే. దాని వెనక ఆలోచన ఇరవై నిమిషాలది.

ఇప్పుడు అదే ఆట 2431లో చూడండి. గెలాక్సీ ఇంకో మూలన అన్‌బిడెన్ అనే వేరే లోకపు శత్రువుల పోర్టల్ (ద్వారం) తెరుచుకుంది. పక్కవాడి నక్షత్రాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. నా నౌకాదళం మొత్తాన్నీ అటు పంపాను, చేరడానికి ఏడాది పైన పడుతుంది. ఆట మొత్తంలో గుండె దడదడలాడాల్సిన ఘట్టం ఇది. కానీ నా కళ్లు ఆ దళం మీద లేవు, స్క్రీన్ కుడివైపున్న గ్రహాల పట్టీ మీద ఉన్నాయి. నలభై మూడు గ్రహాలు. వాటిలో ఆరింటి పక్కన నిరుద్యోగం చూపించే చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు వెలిగింది. పాజ్. మొదటి గ్రహం తెరిచి ఒక ఇండస్ట్రియల్ డిస్ట్రిక్ట్ పెట్టాను. రెండోది తెరిచాను, అక్కడా అదే. మూడోచోట ఇళ్లు చాలడం లేదు కాబట్టి సిటీ డిస్ట్రిక్ట్. ఆరూ పూర్తిచేసి పాజ్ తీసి నాలుగు నెలలు నడిపానో లేదో, ఇంకో మూడు వెలిగాయి. ఆ రాత్రి గంటన్నరలో నా దళం పోర్టల్ దాకా చేరనే లేదు. ఆట సేవ్ చేసి పడుకున్నాను, మళ్లీ తెరవలేదు.

ఆ గంటన్నరలో కష్టమైన పని ఒక్కటీ లేదు. నన్ను అలసటపెట్టింది అదే. మొదటి గ్రహంలో ఏం కట్టాలన్నది నిజమైన నిర్ణయం. నలభయ్యో గ్రహంలో అదే ప్రశ్నకు జవాబు నాకు ముందే తెలుసు, చెయ్యి మాత్రం కదపాలి. పెళ్లి పెద్ద వియ్యాలవారితో కూర్చుని మాట్లాడాల్సిన వేళ, ప్రతి విస్తరి దగ్గరికీ వెళ్లి ఉప్పు వడ్డించినట్టుంటుంది.

ఇది డిజైనర్లకు తెలియక కాదు. విడుదలైన కొత్తలో నేరుగా చూసుకునే గ్రహాలకు ఒక హద్దు ఉండేది, అది దాటితే మిగతావి సెక్టార్ల పేరుతో కంప్యూటర్‌కి అప్పగించాలి. ఆలోచన మంచిదే. కానీ అది కట్టేవి మనకు నచ్చేవి కావు, సరిదిద్దుదామంటే చెయ్యి పెట్టనిచ్చేది కాదు. 2018 డిసెంబర్‌లో వచ్చిన 2.2 అప్‌డేట్ గ్రహాల మీద భవనాలు కట్టే గళ్లన్నీ తీసేసి డిస్ట్రిక్టులు, ఉద్యోగాలు తెచ్చింది. ఆర్థిక వ్యవస్థకు అప్పుడే ప్రాణం వచ్చిందని నేను ఇప్పటికీ అంటాను. అయితే ఒక్కో పాప్‌కి (జనాభా లెక్కలో ఒక యూనిట్) ఒక్కో ఉద్యోగం లెక్క రావడంతో చివరి వందేళ్ల పని తడిసి మోపెడైంది, కంప్యూటర్ కూడా నెమ్మదించింది. 2025 మేలో వచ్చిన 4.0 ఆ పాప్‌లను గుంపులుగా కలిపింది. అలవాటు పడటానికి నాకు నెల పట్టింది కానీ, దారి సరైనదే.

వీటన్నిటికంటే నాకు నచ్చిన మార్పు 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.0. అంతకుముందు నక్షత్రాల మధ్య ప్రయాణానికి మూడు పద్ధతులుండేవి: వార్ప్, వార్మ్‌హోల్, హైపర్‌లేన్ (నక్షత్రాలను కలిపే నిర్ణీత దారులు). వాటిలో రెండింటిని తీసేసి అందరినీ హైపర్‌లేన్ల మీదికి తెచ్చారు. నాకూ అప్పుడు కోపం వచ్చింది. రెండు ఆటలు ఆడాక పోయింది. శత్రువు ఏ దారిన వస్తాడో తెలిసినప్పుడే ఆ దారిలో కోట కట్టడానికి అర్థం ఉంటుంది. తీసేసింది రెండు పద్ధతులను, దాంతో మ్యాప్ మీద ప్రతి ఇరుకు దారికీ విలువ వచ్చింది. సంక్లిష్టత తగ్గితే లోతు పోతుందని భయపడేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

ఈ విషయంలో 1993 నాటి మొదటి మాస్టర్ ఆఫ్ ఓరియన్ ఆట దగ్గర ఇప్పటికీ నేర్చుకోవలసింది ఉంది. అందులో గ్రహం మీద భవనాలు ఉండవు. ప్రతి గ్రహానికీ ఐదు స్లైడర్లు: నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. ఈ గ్రహం దేనికి పనిచేయాలో మనం చెప్తే చాలు, ఎలాగన్నది అది చూసుకుంటుంది. స్టెల్లారిస్‌లో కాలనీకి డెసిగ్నేషన్ ఇచ్చినప్పుడు ఆ ఛాయ కనిపిస్తుంది. ఇది ఫోర్జ్ వరల్డ్, ఇది మైనింగ్ వరల్డ్ అని ఒక్క మాటలో చెప్పేస్తాం. ఆ మాటతో పని అక్కడ ముగిసిపోతే ఎంత బాగుండేదో! ఆటోమేషన్ ఆన్ చేయొచ్చు, కానీ అది ఎప్పుడు ఏం కడుతుందో, దేనికోసం ఆగిందో ముందుగా చెప్పదు. అందుకని ఆన్ చేశాక కూడా వెళ్లి చూస్తూనే ఉంటాం, పని రెండింతలవుతుంది. నాకు కావలసింది మరీ తెలివైన కంప్యూటర్ కూడా కాదు. "వచ్చే ఐదేళ్లలో ఇక్కడ ఇవి కడతాను" అని వరుస చూపించి, అందులో ఒకటి మార్చే వీలిస్తే చాలు.

యుద్ధం దగ్గర ఇంత బాధ లేదు. ఫ్లీట్ మేనేజర్‌లో దళం ఎంతుండాలో రాసిపెడితే, యుద్ధంలో పోయిన నౌకలను ఒక్క బటన్‌తో మళ్లీ కట్టించుకోవచ్చు. సైన్స్ షిప్‌లనైతే వాటి దారిన వాటిని వదిలేయొచ్చు.

కొత్తగా కొనేవాళ్లు 1,000 నక్షత్రాల గెలాక్సీ చూసి మురిసిపోకండి. 400 తీసుకోండి. నివాసయోగ్య గ్రహాల స్లైడర్‌ను 0.5కి గానీ 0.25కి గానీ దించండి. ఎండ్‌గేమ్ (ఆట చివరి ఘట్టం) మొదలయ్యే ఏడాదిని ఇంకా ముందే వచ్చేలా పెట్టండి. డీఎల్‌సీలన్నీ (విడిగా అమ్మే అదనపు భాగాలు) ఒకేసారి కొనొద్దు, మూల ఆటలోనే వంద గంటలకు సరిపడా ఉంది. గత నెల నేను ఈ సెట్టింగ్‌లతో ఆడాను. చివరికి నా దగ్గరున్నవి పదకొండు గ్రహాలు, ప్రతిదాని పేరూ నాకు గుర్తే. ఈసారి పోర్టల్ తెరుచుకున్నప్పుడు దళం వెంటే ఉన్నాను. దారిలో ఏ నక్షత్రం దగ్గర ఆగి మరమ్మతు చేయించాలి, ఎవరిని సాయం అడగాలి, వెనక రాజధానికి ఎన్ని నౌకలు వదలాలి అని లెక్కలు వేసుకుంటూ వెళ్లాను. తెల్లవారుజామున మూడింటికి పోర్టల్ మూతపడింది.