చిన్న మొసలి పెంచాలంటే ఏది మేలు? డ్వార్ఫ్ కేమనా, డ్వార్ఫ్ క్రొకడైలా? (డ్వార్ఫ్ అంటే మరుగుజ్జు, కేమన్ అంటే అమెరికా ఖండాల్లో ఉండే మొసలి చుట్టం.)

ముందే చెప్తున్నా, ఇది అమెరికాలో ఉన్నోళ్ళ కోసం. ఇండియాలో మగ్గర్ (మన మంచినీటి మొసలి) అయినా ఉప్పునీటి మొసలి అయినా 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా, ఇంట్లో పెట్టుకునే మాటే లేదు, చూడాలనిపిస్తే చెన్నై దగ్గర క్రొకడైల్ బ్యాంకుకి పోవడమే.

అమెరికాలో పాములు, బల్లులు లాంటివి అమ్మే రెప్టైల్ షోల్లో స్పెక్టకిల్డ్ కేమన్ పిల్లలు కనపడతాయి, జానెడుంటది, ముద్దొస్తది, చాలామంది పడిపోయేది అక్కడే. మగది ఆరేడు అడుగులవుద్ది! దక్షిణ ఫ్లోరిడా కాలువల్లో ఇవాళ ఇవి గుడ్లు పెట్టి మరీ బతుకుతున్నాయంటే పెంచుకుందామని తెచ్చి వదిలేసినోళ్ళ పుణ్యమే. కాబట్టి దీన్ని పక్కన పెట్టేద్దాం.

ఇక మిగిలినవి రెండు. క్యూవియర్స్ డ్వార్ఫ్ కేమన్ దక్షిణ అమెరికాది, ఆడది 4 అడుగులు, మగది 5 దాటుద్ది అంతే. ఆఫ్రికా డ్వార్ఫ్ క్రొకడైల్ 5 అడుగులు, ఒక్కోసారి 6. అడుగు తేడాకే ఏముందిలే అనిపిస్తది గానీ ఆ అడుగుతో పాటు బరువు, తొట్టి, మార్చాల్సిన నీళ్ళు, హీటింగ్ బిల్లు అన్నీ పెరుగుతాయి.

స్వభావం చూస్తే నా ఓటు ఆఫ్రికా దానికే, పగలంతా బొరియలో నక్కి రాత్రి బయటికొచ్చే బిడియం మొసలి అది. కేమన్ పొట్టిదే గానీ పొగరు, కరవడానికి వెనకాడదు. కానీ కాగితాల దగ్గర కథ తిరగబడుద్ది. డ్వార్ఫ్ క్రొకడైల్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) మొదటి అపెండిక్స్‌లో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది, అమెరికా ఎండేంజర్డ్ లిస్టులో కూడా ఉంది, పక్క స్టేట్ నుంచి కొనాలన్నా ఫెడరల్ పర్మిట్ కావాలి. కేమన్ రెండో అపెండిక్స్, దానికంటే నయం, అయినా స్టేట్ రూల్ స్టేట్‌దే, ఫ్లోరిడాలో లైసెన్స్ లేకుండా కుదరదు.

తిండి విషయంలో రెండూ ఒకటే. ఒట్టి చికెన్ ముక్కలేస్తే కాల్షియం చాలక ఎముకలు వంకరపోతాయి, ఎలకలు, చేపలు, పురుగులు పూర్తిగా, ఎముకలతో సహా మింగాలి. నీళ్ళు 27, 28 డిగ్రీలు, పైన ఎండ కాచుకునే చోటు ఇంకా వేడిగా, దాంతోపాటు ఎండకి బదులుగా పనిచేసే యూవీబీ లైటు. తిన్న నీళ్ళలోనే గలీజు చేస్తాయి, బకెట్లతో తోడుతూ కూర్చోలేం, తొట్టి కింద డ్రెయిన్ ఉండాల్సిందే.

మొత్తానికి కేమనే, అదీ ఆడది. కానీ 30, 40 ఏళ్ళు బతుకుద్ది. హెచ్‌వన్ మీద ఉన్నోళ్ళు ఉద్యోగం పోయి వేరే స్టేట్‌కి మారితే, అక్కడ పర్మిట్ ఇవ్వకపోతే, దాన్ని ఎవరికిస్తారో కొనకముందే మాట్లాడుకోండి, జూ వాళ్ళు తీసుకుంటారులే అనుకోకండి.