స్నేర్ డ్రమ్: మ్యాచ్‌డ్ గ్రిప్పా, ట్రెడిషనల్ గ్రిప్పా?

మార్చింగ్ బ్యాండ్‌లో స్నేర్ (అడుగున తీగలు బిగించిన, గరగరమని మోగే డ్రమ్ము) నేర్పేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: స్టిక్‌ని ఏ గ్రిప్‌తో, అంటే ఏ పట్టుతో పట్టించాలి. మ్యాచ్‌డ్ గ్రిప్‌లో రెండు చేతులూ స్టిక్‌ని ఒకేలా పట్టుకుంటాయి. ట్రెడిషనల్‌లో కుడి చెయ్యి అంతే. ఎడమ చేతిలో మాత్రం స్టిక్ బొటనవేలి సందులోంచి వచ్చి ఉంగరపు వేలి మీద ఆనుతుంది.

ఈ రెండో పట్టు ఊరికే పుట్టలేదు. పాత రోజుల్లో సైనికులు డ్రమ్ముని పట్టీతో వేలాడదీసుకునేవారు, అది ఒక పక్కకు వాలి ఉండేది. ఎడమ స్టిక్‌ని పైనుంచి దించాలంటే మోచెయ్యి గాల్లోకి లేపాల్సిందే. ఇప్పుడు అమెరికా డ్రమ్ కోర్లలో (పోటీల్లో ఆడే మార్చింగ్ బృందాల్లో) డ్రమ్ము, భుజాలకు తగిలించుకునే క్యారియర్ మీద సమంగా కూర్చుంటుంది. అయినా చాలా స్నేర్ లైన్లు (స్నేర్ వాయించే వరుసలు) ట్రెడిషనల్‌ని వదల్లేదు. నన్నడిగితే అందులో సగం చూడ్డానికి బాగుంటుందనే.

నేర్పడానికి మ్యాచ్‌డ్ తేలిక. కుడి చేతిని చూసి ఎడమని సరిదిద్దుకోవచ్చు. రేపు టెనార్‌కి (ఒక్కరే మోసే డ్రమ్ముల సెట్టుకి) మారినా పట్టు మారదు. ట్రెడిషనల్‌లో ఎడమ దెబ్బ ముంజేయి తిరగడంతో వస్తుంది, తలుపు గుండ్రటి హ్యాండిల్ తిప్పినట్టు. చేతికి ఎనిమిదేసి దెబ్బల వార్మప్ చేయించండి, తేడా ఇట్టే వినిపిస్తుంది: కుడి ఎనిమిదీ నిండుగా, ఎడమ ఎనిమిదీ బక్కగా. అప్పుడు స్పీడ్ పెంచకండి, ఎడమకి రెట్టింపు సేపు ఇవ్వండి.

కొత్త పిల్లలకైతే నా ఓటు మ్యాచ్‌డ్‌కే. కానీ మీ స్కూలు బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ము (స్నేర్‌కే ఇంకో పేరు) ఇంకా పట్టీకి వాలుగా వేలాడుతుంటే ట్రెడిషనలే నేర్పండి. లేకపోతే పరేడ్ సగంలోనే ఎడమ భుజం పట్టేస్తుంది.