కొత్త పికప్ కొనే అన్నలకు హెచ్చరిక: ఖాళీ బండి తోలి చూసి సంతకం పెట్టొద్దు

చిత్తూరు, తిరుపతి పక్క మామిడికాయ, టమోటా, పాలు తోలడానికి కొత్త డీజిల్ పికప్ తీసుకోవాలనుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు, షోరూమ్ పేరు రాయను. ఎవరి బండైనా సరే, చూసుకోవాల్సినవి ఇవే.

నాది పాకాల దగ్గర పల్లె. పదేళ్లు వేరేవాళ్ల బండ్లు తోలి, మార్చి ఆఖర్లో సొంతంగా టన్నున్నర పికప్ తీసుకున్నా. రోడ్డు మీదికి వచ్చేసరికి 10 లక్షల 60 వేలు అయింది. "ఇయర్ ఎండింగ్ సార్, మీకని 30 వేలు తగ్గించినాం" అంటే తెగ సంబరపడిపోయా. తగ్గింపు ఎందుకో ఫారం 21, అంటే షోరూమ్ వాళ్లిచ్చే సేల్ సర్టిఫికెట్, చేతికొచ్చాక అర్థమైంది. బండి తయారైంది అంతకుముందు జూలైలో. ఎనిమిది నెలలు యార్డులో ఎండకీ వానకీ నానిన బండిని కొత్తదని నాకు అంటగట్టినారు. తయారైన నెల, సంవత్సరం ఆ ఫారంలో ఉంటాయి, కానీ అది మన చేతికొచ్చేది డబ్బంతా కట్టాక. అందుకని ముందే చాసిస్ నంబర్ అడగండి. చాలా కంపెనీల నంబర్లలో పదో అక్షరం సంవత్సరం చెబుతుంది: ఆర్ ఉంటే 2024, ఎస్ ఉంటే 2025.

టెస్ట్ డ్రైవ్‌లో ఏ లోపమూ కనపడలేదు. కనపడదు కూడా. షోరూమ్ నుంచి బైపాస్ దాకా ఖాళీ బండి, ఏసీ వేసుకుని, పక్కన సేల్స్ అబ్బాయి పాటలు పెడతా ఉంటే ఏ బండైనా బంగారమే. ఏప్రిల్ అంతా పాకాల, చంద్రగిరి మధ్య చిన్న చిన్న బాడుగలు. కొంచెం మొద్దుగా ఉన్నట్టు అనిపించినా, కొత్తది కదా సర్దుకుంటుందిలే అనుకున్నా.

మేలో దామలచెరువు మండీ నుంచి బేనీషా మామిడికాయ వేసుకుని బెంగళూరు బయల్దేరా. బంగారుపాళెం దాకా ఏమీ లేదు. మొగిలి ఘాట్ మొదలయ్యాక మూడో గేర్ నిలబడలేదు. రెండోది వేశా. యాక్సిలరేటర్ కింద దాకా తొక్కినా ముల్లు 20 దాటలేదు. అద్దంలో చూస్తే వెనకంతా నల్లటి పొగ. ఇటుకలు వేసుకున్న పాత లారీ హారన్ కొట్టి నన్ను దాటుకుని పోయింది. పికప్ అని పేరు పెట్టుకున్న బండికి పికప్ లేదంటే నవ్వొస్తుంది, ఆ ఎండలో నాకు మాత్రం రాలేదు. ముందు పొగలో మసిని పట్టే ఫిల్టర్ లైటు, ఆ తర్వాత ఇంజన్ లైటు వెలిగాయి. పలమనేరు చేరేసరికి రెండు గంటలు లేటు. బెంగళూరులో వేలం అయిపోయింది, కాయ మరుసటి రోజు రేటుకి పోయింది.

సర్వీస్ సెంటర్‌కి ఐదుసార్లు పోయా. మొదటిసారి ల్యాప్‌టాప్ తగిలించి, ఏదో చెరిపి, "క్లియర్ చేసినాం సార్" అన్నారు. రెండోసారి బండిని అక్కడే నిలబెట్టి ఫిల్టర్‌లో మసి కాల్చి పంపించారు. మూడోసారి "5 వేల కిలోమీటర్లు తిరిగితే ఇంజన్ ఫ్రీ అవుతుంది". నాలుగోసారి తప్పు నాదైంది: "మీరు టౌన్‌లోనే తిప్పుతున్నారు". ప్రతిసారీ వాళ్ల డ్రైవరు ఖాళీ బండిని ఒక రౌండు కొట్టుకొచ్చి "ప్రాబ్లం లేదు" అనేవాడు. ఈ నాలుగు విజిట్లకు నా దగ్గరున్న జాబ్ కార్డులు, అంటే మన కంప్లైంట్ రాసే కాగితాలు, రెండే. ఆ రెండింటిలోనూ రాసింది "జనరల్ చెకప్" అని. ఘాట్ గురించి, పొగ గురించి ఒక్క ముక్క లేదు. నేను నోటితో చెప్పిందంతా గాలికి పోయింది.

చివరికి లోపం పట్టింది చిత్తూరులో ఒక పాత మెకానిక్. ఆయన స్కానర్ ముట్టలేదు. "లోడుందా? అయితే ఎత్తు ఎక్కించు, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. అద్దం దించి చెవి బయట పెట్టాడు. తొక్కినప్పుడల్లా ముందు నుంచి "ఉస్స్" మని సన్నగా ఒక శబ్దం. నేను అంతవరకూ దాన్ని టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) శబ్దమే అనుకున్నా. బండి ఆపించి, టర్బో గాలి దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు గొట్టం దగ్గర వేలు పెట్టి చూపించాడు. క్లిప్పు చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. గొట్టం పట్టుకుని ఊపితే ఆడింది. క్లిప్పు లూజు, గొట్టం అంచున వేలిగోరంత చీలిక.

ఖాళీ బండికి టర్బో గాలితో పెద్దగా పని లేదు, అందుకే సర్వీస్ వాళ్ల రౌండ్లో అది బయటపడలేదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడి పెరిగి గాలి అక్కడే లీకైపోతుంది. గాలి చాలక డీజిల్ సగం కాలి మసి అవుతుంది. ఆ మసంతా పోయి ఫిల్టర్‌లో కూర్చుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం నిబంధనలు) డీజిల్ బండ్లలో ఈ ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు, తప్పనిసరిలా ఉంటుంది. అది నిండితే ఇంజన్ తనను తాను కాపాడుకోడానికి పవర్ తగ్గించేస్తుంది. సర్వీస్ వాళ్లు నాలుగుసార్లూ ఫిల్టర్ చుట్టే తిరిగారు, మసి ఎక్కడినుంచి వస్తోందని ఒక్కరూ చూడలేదు.

టౌన్ మాట పూర్తిగా అబద్ధం కాదు, అదీ చెప్పాలి. తిరుపతిలో పాల రూటు తిప్పేవాళ్లకి గొట్టం బాగున్నా ఫిల్టర్ నిండుతుంది. లోపలి మసి కాలాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి. లైటు వెలిగిందంటే రేణిగుంట రోడ్డు మీదికి తీసి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో తోలండి. స్లో రేసు (బండి నిలబడినప్పటి ఇంజన్ వేగం) దానంతటదే పెరిగి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతా, కాలిన వాసన వస్తుంటే లోపల మసి కాలుతోందని అర్థం, అప్పుడు తాళం తిప్పి ఆపేయొద్దు. మాటిమాటికీ మధ్యలో ఆపితే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పుల్ల తీసి చూడండి, మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఆయిల్ మార్చాల్సిందే.

"ఫిల్టర్ పీకేసి పైపు వేయించు, పీడా పోతుంది" అని సలహా ఇచ్చినోళ్లు ముగ్గురు. వేయించి ఉంటే వారంటీ పోయేది, పొల్యూషన్ దగ్గర పట్టుబడేవాణ్ణి, గొట్టం చీలిక మాత్రం అక్కడే ఉండేది.

ఐదోసారి ఫోటోలతో పోయి, జాబ్ కార్డులో కంప్లైంట్ నా మాటల్లోనే రాయించా: "లోడుతో మొగిలి ఘాట్‌లో రెండో గేర్‌లో 20 దాటడం లేదు, నల్ల పొగ, ఇంటర్‌కూలర్ గొట్టం లీక్." వాళ్లు రాసేదాకా నేను తాళం చెవి ఇవ్వలేదు. ల్యాప్‌టాప్‌లో లోపం చూపించే కోడ్ చెరిపే ముందు స్క్రీన్ ఫోటో తీసుకున్నా. అప్పుడు మేనేజర్ అన్న మాట: "ఇది కమర్షియల్ బండి, మీకు కన్స్యూమర్ కోర్టు లేదు." భయపడి ఇంటికొచ్చేశా. తర్వాత తెలిసినాయన చెప్పాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, సొంతంగా పని చేసుకుని పొట్టపోసుకోడానికే కొన్న వస్తువైతే అది వ్యాపార అవసరం కిందికి రాదు. ఒక్క బండి కొని తానే తోలుకునేవాడు వినియోగదారుడే. కేసు రెండేళ్లలోపు వేయాలి, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. నా బండి లాగా 10 నుంచి 20 లక్షల మధ్య కొన్నదానికి ఫీజు 400 రూపాయలు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, అది ఉచితం.

నేను 1915కి చేశా. వారం తిరక్కుండా షోరూమ్ నుంచే ఫోన్ వచ్చింది, "సార్, బండి తీసుకురండి" అని. గొట్టం, క్లిప్పు కొత్తవి వేశారు, ఫిల్టర్ శుభ్రం చేశారు, ఆయిల్ మార్చారు, పైసా అడగలేదు. ఇప్పుడు అదే లోడుతో మొగిలి ఘాట్ మూడో గేర్‌లో ఎక్కుతోంది. పోయిన బాడుగలు, ఆ రోజు కాయ నష్టం గురించి అడిగితే మాత్రం "పై వాళ్లకి రాస్తాం" అంటున్నారు. మూడు వారాలైంది. జాబ్ కార్డులు, ఫోటోలు, మండీ పట్టీలు ఒక కవర్లో పెట్టుకున్నా, సోమవారం చిత్తూరులో వకీలు దగ్గరికి పోతున్నా.