క్లే ట్రాప్‌కి వైర్‌లెస్ రిమోట్: బాగా వాడాక చెప్తున్నా, నా గొడవంతా ఆ ఆఫ్ బటన్ మీదే

క్లే ట్రాప్ అంటే గన్‌తో గురిచూసి కొట్టడానికి క్లేలని, అంటే గుండ్రటి బిళ్ళల్ని, గాల్లోకి విసిరే మెషీన్. మోటార్ స్ప్రింగ్‌ని సాగదీసి ఆర్మ్‌ని ఎక్కిస్తుంది, కాలితో పెడల్ నొక్కితే అది విసురుతుంది. ఆ పెడల్ బదులు తగిలించే రిసీవర్, చేతిలో రిమోట్ ఉన్న కిట్ ఇది. అందరూ ముందు అడిగేది రేంజ్ ఎంత అని. రేంజ్ గురించి నాకు కంప్లైంట్ లేదు, ఆంటెన్నా వైరు మడతపెట్టకుండా నిలువుగా వదిలేసి రిసీవర్‌ని ఇనుప ఫ్రేమ్‌కి అంటకుండా పెడితే మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి ఖాయంగా పనిచేస్తుంది (433 మెగాహెర్ట్జ్‌కి ఆ వైరు 17 సెంటీమీటర్ల దాకా ఉండాలి, వేలాడుతోందని కత్తిరించే మహానుభావులున్నారు, ఆ పని చేయకండి). నా గొడవ రేంజ్‌తో కాదు. రిమోట్‌లో ఆఫ్ నొక్కితే ట్రాప్ ఆఫ్ అయిపోయిందనే ధైర్యం వచ్చేస్తుంది చూడండి, దాంతో.

ఏం జరిగిందంటే, ఓ రౌండ్‌లో చివరి క్లేకి మా బావ రిమోట్ నొక్కాడు, అది వెళ్ళింది, మోటార్ తిరిగి ఆర్మ్ మళ్ళీ ఎక్కింది, అక్కడ ఆగాలి కదా, ఆగలేదు, ఇంకోటి విసిరింది. ఎందుకు నొక్కావ్ అంటే నేను నొక్కలేదు అంటాడు, ఈ లోపు మూడోది. గన్‌లు తెరిచి కింద పెట్టేశాం. బావ ఆఫ్ నొక్కాడు. రిసీవర్ మీద లైటు శుభ్రంగా ఆరిపోయింది, ట్రాప్ మాత్రం విసురుతూనే ఉంది. లైటు ఆరింది కదా అని అటు నడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక దాన్ని ఆపాలంటే బ్యాటరీ క్లిప్ పీకాల్సిందే. కిట్‌తో ఇచ్చిన వైరేమో మూరెడు, అందుకని బ్యాటరీ, రిసీవర్ రెండూ మెషీన్ కాళ్ళ దగ్గరే, సరిగ్గా ఆర్మ్ తిరిగే చోటే ఉన్నాయి. క్లేలు పేర్చే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాం, ఖాళీ అయ్యాక కూడా ఆర్మ్ ఊరికే గాల్లో కొడుతూనే ఉంది, అప్పుడు వెనక నుంచి, ఆర్మ్ రాని పక్కగా వంగి వెళ్ళి పొడుగు కర్రతో క్లిప్ తప్పించాం. ఆగింది. ఆగిందంటే మోటార్ ఆగింది, అంతే. ఆర్మ్ మాత్రం పూర్తిగా ఎక్కి, స్ప్రింగ్ సాగదీసుకుని, అలాగే నిలబడి ఉంది. బ్యాటరీ పీకేసినా ఆ స్ప్రింగ్‌లో ఉన్న బలం ఎక్కడికీ పోదు, చెయ్యి విరగడానికి కరెంటూ అక్కర్లేదు, క్లే కూడా అక్కర్లేదు. వెనక నుంచే సేఫ్టీ పిన్ పెట్టి, రిసీవర్ పీకేసి, పాత ఫుట్ పెడల్ తగిలించి, బ్యాటరీ క్లిప్ మళ్ళీ పెట్టి, పిన్ తీసి అందరం వెనక్కి జరిగాక ఆర్మ్ దింపాం. మా మెషీన్ స్విచ్‌కి ఆర్మ్ వదిలేసి మళ్ళీ ఎక్కించకుండా ఆపే పొజిషన్ ఒకటి ఉంది కాబట్టి సరిపోయింది, మీ దాంట్లో ఎలా దించాలో మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి.

రిసీవర్ విప్పి చూస్తే రిలే (సిగ్నల్ రాగానే మోటార్ కరెంటుని కలిపే చిన్న స్విచ్) కాంటాక్ట్‌లు అతుక్కుపోయి ఉన్నాయి. కొన్ని చిన్న ట్రాప్‌లలో మోటార్ కరెంటు పెడల్ స్విచ్ గుండానే పోతుంది, మాదీ ఆ బాపతే. మోటార్ కదిలే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి చాలా రెట్లు లాగుతుంది, బోర్డు మీదున్న 10 ఆంపియర్ల బుల్లి రిలే దాన్ని ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? నొక్కినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ, చివరికి ఒకరోజు వెల్డింగ్. కిట్ కాగితంలో పెడల్ సాకెట్‌లో గుచ్చితే చాలు అని రాశారు తప్ప దీని ఊసే లేదు. అమ్మినతనికి చెప్తే పాపం కొత్త బోర్డు పంపాడు, అదే 10 ఆంపియర్ల రిలేతో.

ఇప్పుడు ఆ బుల్లి రిలే కార్లలో వాడే 40 ఆంపియర్ల రిలే కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కాయిల్ ఆగినప్పుడు వచ్చే వోల్టేజ్ దెబ్బకి), బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజ్. పెద్ద రిలే మాత్రం అతుక్కోదన్న గ్యారంటీ ఏముంది, అందుకే లావుపాటి పొడుగు కేబుల్ వేసి బ్యాటరీని, దాంతోపాటు బ్యాటరీ కరెంటు మొత్తం కట్ చేసే, కీ ఉన్న ఐసోలేటర్ స్విచ్‌ని ఆర్మ్ అందనంత వెనక్కి లాగేశాం. నాకు అసలు నచ్చింది ఇదే. క్లేలు నింపాలంటే ముందు ఆర్మ్ దింపాలి, ఐసోలేటర్ ఆపాలి, ఆ కీ, రిమోట్ రెండూ నింపేవాడి జేబులోనే ఉండాలి. రిసీవర్ మోడ్ మొమెంటరీలోనే (నొక్కినంతసేపే ఆన్) ఉంచండి, టాగుల్‌లో పెడితే మళ్ళీ నొక్కేదాకా ఆన్‌లోనే ఉంటుంది, అంటే మాకు జరిగిందే కావాలని చేసుకోవడం.

బ్యాటరీ దిగిపోతే స్పీడ్ తగ్గుతుంది, అంతేగా అనుకుంటారు. కాదు, మోటార్ లాగగానే వోల్టేజ్ పడిపోయి రిసీవర్ రీసెట్ అవుతుంది, ఒక్కోసారి ఆర్మ్ సగంలో ఆగిపోతుంది. సగంలో ఆగిన ఆర్మ్ ముట్టుకుంటే ఎటు వస్తుందో చెప్పలేం, పూర్తిగా ఎక్కినదానికంటే నాకు అదే ఎక్కువ భయం.

ఇందాక రేంజ్ బాగుందన్నాను కదా, నిజానికి అంత రేంజ్ మాకు దండగ. ట్రాప్ దగ్గర ఎవరున్నారో కనబడనంత దూరం నుంచి బటన్ పనిచేస్తే ఏం సుఖం? మేమైతే మెషీన్ కనబడని చోట రిమోట్ ముట్టుకోం.

కొనొచ్చా అంటే, మేం ముగ్గురు నలుగురం, ట్రాప్ ఒక్కటే, బావకి వైరింగ్ వచ్చు, కాబట్టి మాకు కుదిరింది. పక్కపక్కనే చాలా ట్రాప్‌లు, అన్నిటికీ ఇలాంటి ఫిక్స్‌డ్ కోడ్ (ఎప్పుడూ ఒకే కోడ్ పంపే) రిమోట్‌లే ఉన్న చోట నేను దీన్ని పెట్టను, పక్కవాడి బటన్‌కి మన ట్రాప్ విసరొచ్చు, అక్కడ రోలింగ్ కోడ్ (నొక్కినప్పుడల్లా కోడ్ మారేది) ఉన్నదో, ట్రాప్ కంపెనీ వాళ్ళు ఆ మోడల్‌కే చేసిందో చూసుకోవాలి. ఒక్కరే షూట్ చేసేవాళ్ళకి రిమోట్ ఎందుకో కూడా నాకు అర్థం కాదు, గన్ పట్టుకున్న చేత్తో బటన్ వెతుక్కోవడం కంటే పెడల్ నయం, రెండు చేతులూ గన్ మీదే ఉంటాయి. మేం కూడా చివర్లో ఆర్మ్ దించేది ఇప్పటికీ పెడల్‌తోనే.