పూర్వీకుల సమాధి వెతికిపెట్టే సేవ: కడపలో మా అనుభవం

మా ముత్తాతగారి సమాధి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. "పెద్ద జ్వరాల ఏడు పోయినాడు, కడపలోనే పెట్టినారు" అని అవ్వ చెప్పిన ఒక్క మాట పట్టుకుని, చర్చిల భూస్థాపన రిజిస్టర్లు చూసి సమాచారం తెచ్చిపెట్టే ఒక చిన్న కార్యాలయానికి ఈ మధ్య వెళ్లాము. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, పనితీరు మాత్రం చెబుతాను.

పేరు కన్నా ముందు వారు అడిగింది ఆయన ఏ సంఘం, ఏ ఊరు, ఏ పని చేసేవారు అని. ప్రొటెస్టెంట్ల లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లోనే పని మొదలుపెట్టింది, రోమన్ కాథలిక్కుల రిజిస్టర్లు వేరు, కాబట్టి సంఘం తెలియకుండా పుస్తకం తెరవడం వృథా శ్రమ. జ్వరాల మాట వినగానే అది 1918 ఇన్‌ఫ్లుయెంజా అయి ఉండాలని ఊహించి, ఆ ఏడాది చివరి నెలల నుంచే చూస్తామనడం నాకు నచ్చింది.

అయినా వారం తిరిగాక వచ్చిన జవాబు "నమోదు లేదు". నా ఫిర్యాదు ఇక్కడే. రిజిస్టర్ ఇంగ్లీషులో ఉంటే, వీరు మేము చెప్పిన పేరును ఒకే స్పెల్లింగుతో వెతికి వదిలేశారు. పాస్టరుగారి అనుమతితో మేమే పుటలు తిప్పితే, ఇంట్లో యాకోబు అయిన మనిషి అక్కడ జేకబ్ అయ్యాడు, ఇంటిపేరు ఉండవలసిన చోట ఊరి పేరు పడింది. వయసు 38, మరణకారణం గడిలో జ్వరం. సిరా గోధుమరంగుకు తిరిగినా చేతిరాత చక్కగా కనబడుతోంది.

రిజిస్టరులో వరుస సంఖ్య ఉంటుంది గానీ, ఆ సమాధి తోటలో ఏ మూల ఉందో ఉండదు. పాతిపెట్టిన చోటే ఉంటారన్న భరోసా కూడా లేదు: 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను గుత్తిలో పాతిపెట్టి, తరువాత మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. మావాడిని తరలించేంత తీరిక ఎవరికుంటుంది గనక!

సమాధుల తోటలో మాత్రం వీరి మనిషి పని వంక పెట్టలేనిది. కడప బండ పొరలుగా లేస్తుంది, చెక్కిన అక్షరాలు ఆ పెచ్చులతోపాటే పోతాయి. గీకవద్దని, సుద్ద రుద్దవద్దని వారించి, మమ్మల్ని ఉదయం ఏడుకే రమ్మన్నాడు. ఏటవాలు ఎండకు అక్షరాల గుంతల్లో నీడ పడుతుందట. అలాగే మూడో వరుసలో ఒక బండ మీద 1918, దాని కింద తెలుగులో "కోబు" అన్న రెండక్షరాలు తేలాయి.

రుసుము 1,500 రూపాయలు. తోటలో వెతుకులాటకైతే నిశ్చింతగా ఇవ్వవచ్చు. రిజిస్టరు పని అప్పగించేటప్పుడు మాత్రం పేరుకు ఇంగ్లీషులో ఎన్ని రూపాలు ఉండగలవో కాగితం మీద రాసిచ్చి, చూసిన ప్రతి పుటకూ ఫోటో తీసివ్వమని ముందే ఒప్పించుకోండి.