ఆము మాస్టారి ఊళ్లకు ట్రోట్రోలో (షేర్ మినీబస్సులో) వెళ్లండి, టూర్ ఏజెంటు వద్దు

ఘానా సంగీతకర్త ఎఫ్రయిమ్ ఆము పాఠాలు చెప్పిన ఊళ్లు చూడాలనుకునేవాళ్లు అక్రాలో ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. మేం 1,800 సీడీలు (ఘానా డబ్బు) ఇచ్చాం. మేం వెళ్లినప్పుడు సీడీ సుమారు ఆరు రూపాయలు, లెక్కేసుకోండి. ఏసీ కారు, గైడు, అక్రొపాంగ్, పెకి రెండు ఊళ్లూ చూపిస్తామన్నారు. ఎనిమిదింటికి రావాల్సిన కారు పదిన్నరకు వచ్చింది. ఏసీ పనిచేయదు. అబురి కొండెక్కి చెక్కబొమ్మల దుకాణాల ముందు ఆగిపోయింది. డోలు కొనండి, ముసుగు కొనండి అని గైడు మమ్మల్ని ఒక షాపు నుంచి ఇంకో షాపుకు తిప్పుతూనే ఉన్నాడు. అక్రొపాంగ్ సంగతేంటని అడిగితే, "అక్కడ చూడ్డానికేం లేదు మేడమ్, పాత కాలేజీ ఒకటుంది అంతే" అన్నాడు. పెకి వెళ్లాలంటే పెట్రోలుకు ఇంకో 900 కావాలట.

మావారికి మామూలుగా కోపం రాదు. ఆ రోజు వచ్చింది. డిక్కీలోంచి బ్యాగులు దించేసి, అక్కడే నిలబడి ఏజెంటుకు ఫోన్ చేశారు. అరగంట వాదన తర్వాత 600 వెనక్కి వచ్చాయి. మా అబ్బాయి పద్నాలుగేళ్లవాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెట్టు కింద కూర్చుండిపోయాడు. బొటానికల్ గార్డెన్స్ పక్కనే ఉన్నాయి, 1890లో పెట్టినవి, పెద్ద చెట్లు, చల్లటి గాలి. మంచి చోటే. కానీ మాకు అప్పుడు చెట్లు చూసే మూడ్ లేదు.

ఇంతకీ ఆము కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, నేను అక్రా దగ్గర టెమాలో మన పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. మా పక్కింటావిడ ఒకసారి పాత 20,000 సీడీల నోటు తెచ్చి, దాని మీద బొమ్మ చూపించి, "ఈయన కూడా నీలాగే పాటల మాస్టారు" అంది. 2007లో నాలుగు సున్నాలు కొట్టేశాక ఆ నోటు విలువ కొత్త లెక్కలో రెండు సీడీలే. కానీ ఒక సంగీతం మాస్టారి బొమ్మ నోటు మీద వేసిన దేశం మీద నాకు చాలా గౌరవం కలిగింది. ఘానా జాతీయగీతం వేరే ఉన్నా, సభల్లో, స్కూళ్లలో ఆయన కట్టిన పాట కూడా ఎంతో ఇష్టంగా పాడతారు. ఇది మన సొంత నేల, పెద్దలు రక్తం చిందించి మనకిచ్చారు అని అర్థం. ఎవే భాషలోనూ ట్వీలోనూ పాడతారు.

అబురి నుంచి అక్రొపాంగ్‌కు షేర్ ట్యాక్సీలో మనిషికి 12 సీడీలు అయ్యాయి. ఏజెంటుకు కట్టింది గుర్తొచ్చి మావారు దారంతా మాట్లాడలేదు.

ఇక గెస్ట్‌హౌస్. కొండ మీదే ఒకటి, పేరు రాయను. ఫోన్‌లో ఏసీ రూమ్ 380 అన్నారు. వెళ్లాక అది ఫ్యాను రూమ్ రేటు, ఏసీ అయితే 520 అన్నారు. సరే అని ఇచ్చాం. కుళాయిలో నీళ్లు రావు. ఒక బకెట్ తెచ్చి పెట్టారు, ముగ్గురికీ అదే. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. డుమ్సర్, అంటే కరెంటు కోత, ఇక్కడ అందరికీ అలవాటే, దానికి నేను ఎవర్నీ తప్పు పట్టను. కానీ జనరేటర్ వేసి పొద్దున బిల్లులో దానికి 60 సీడీలు విడిగా రాశారు. రూములో బల్బు వెలిగింది తప్ప ఏసీ ఆ జనరేటర్ మీద నడవనే లేదు. రూమ్‌తో పాటు టిఫిన్ ఉందన్నారు కదా అని వెళ్తే, రెండు బ్రెడ్ ముక్కలు, ఒక మైలో ప్యాకెట్, వేడినీళ్లు. గుడ్డు కావాలంటే 15. ఆ 60 ఇవ్వనని నేను కౌంటర్ దగ్గర గట్టిగా నిలబడ్డాను, చివరికి తీసేశారు. మీరూ అడగండి, సిగ్గుపడొద్దు. డబ్బులిచ్చే ముందు కుళాయి తిప్పి చూడండి.

కానీ అక్రొపాంగ్‌లో ఆ సాయంత్రం కోసం ఆ ఒక్క బకెట్ కూడా లేకున్నా ఉండేదాన్ని. బాసెల్ మిషన్ వాళ్లు 1848లో పెట్టిన టీచర్ ట్రైనింగ్ కాలేజీ అక్కడుంది. ఆము 1926లో అక్కడ మాస్టారుగా చేరాడు. ఇంగ్లీషు కీర్తనల బాణీల్లోకి ట్వీ మాటలు కుక్కి పాడించడం ఆయనకు నచ్చలేదు. అంత పట్టింపు ఎందుకో ఒక చర్చిలో కోయిర్ (పాటల బృందం) ప్రాక్టీస్‌కు కూర్చున్నాక నాకు తెలిసింది. ట్వీలో స్వరం పైకి పోతే ఒక అర్థం, కిందికి దిగితే ఇంకో అర్థం. కోయిర్ నడిపే కుర్రాడు "పపా" అని మూడు రకాలుగా పలికి చూపించాడు. మంచి, నాన్న, విసనకర్ర. మాట పైకి వెళ్లేచోట బాణీ కిందికి దిగితే దేవుడి పాట అర్థం లేకుండా పోతుంది. ఆము చేసిన పెద్ద పని ఇదే. మాట ఎటు నడిస్తే బాణీని అటు నడిపించాడు. నాలుగు గొంతుల హార్మనీ చర్చిలో నేర్చుకున్నదే, లయ మాత్రం ఊరిది.

ఆ లయ గురించి ఎంత చెప్పినా చాలదు. ఆడవాళ్ల వరుస మూడేసి దెబ్బల్లో, మగవాళ్లది రెండేసి దెబ్బల్లో నడుస్తూ ఒకేచోట కలుస్తున్నాయి. చేత్తో తాళం వేస్తూ విన్నాను, ఒళ్లు పులకరించింది. మా అబ్బాయి ఎప్పుడు ఇయర్‌ఫోన్స్ తీశాడో చూడలేదు, బెంచీ మీద రెండు చేతులతో రెండు లెక్కలూ వాయిస్తున్నాడు. ప్రాక్టీస్‌కు రుసుము లేదు. చర్చి పెట్టెలో 50 వేశాం.

ఇలాంటి మాస్టారిని ఆ ఊళ్లో ఉంచలేదు. తన దేశపు బట్ట భుజం మీద కప్పుకుని ఆరాధన నడిపినందుకు, ఆఫ్రికన్ సంగీతాన్ని చర్చిలోకి తెచ్చినందుకు మిషన్ పెద్దలకు కోపం వచ్చింది. 1933లో ఉద్యోగం తీసేశారు. ఆ తర్వాత అచిమోట స్కూల్లో చేరాడు, 1937 నుంచి 1940 దాకా లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదివాడు, తిరిగొచ్చి మళ్లీ పాఠాలే చెప్పాడు. వెళ్లగొట్టిన చర్చిలోనే ఇవాళ ఆయన పాటలు పాడుతున్నారు. వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు సొమాన్యా, క్పాంగ్ మీదుగా అటింపొకు దాకా ట్రోట్రోలు మారుతూ వెళ్లాం, మనిషికి మొత్తం 40 కూడా కాలేదు. వోల్టా నది మీద అడోమి వంతెన దగ్గర బండి ఆగగానే ఆడవాళ్లు తల మీద గంపలతో చుట్టుముడతారు. అబొలో అంటారు, ఆకులో ఆవిరి మీద ఉడికించిన మెత్తటి మొక్కజొన్న ముద్ద, కాస్త తీపి. దాంతో నదిలో దొరికే వేలెడంత కూడా లేని చేపల వేపుడు, అచ్చం మన నెత్తళ్ల వేపుడే. పైన మిరపకాయ పచ్చడి. ముగ్గురికీ కలిపి 45 సీడీలు. ఘానా వచ్చాక నేను తిన్న భోజనాల్లో అన్నిటికన్నా రుచైనది ఇదే. మావారు ఇంకో పొట్లం కొనుక్కున్నారు, అప్పుడు గానీ ముఖంలో నవ్వు రాలేదు.

పెకి వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఫ్రాంకదువా ఊరు చూడండి. 1920లో ఆము పెకిలో కొత్త మాస్టారు. పిల్లల కోసం కొఫరిదువాలో మడతపెట్టే హార్మోనియం ఒకటి కొన్నాడు. లారీ ఫ్రాంకదువా వరకే వచ్చింది. అక్కణ్నుంచి దాదాపు 18 మైళ్లు, ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని రాత్రంతా నడిచి బడికి చేర్చాడు. ఆ దారి ఎగుడుదిగుడు. మా ట్రోట్రోయే ఒకచోట మూలిగింది.

పెకిలో ఒక రిటైర్డ్ టీచరు గారు మా అబ్బాయికి అటెంటెబెన్ నేర్పారు. నిలువుగా పట్టుకుని ఊదే వెదురు పిల్లనగ్రోవి అది. ఒకప్పుడు ఎక్కువగా శవయాత్రల్లో వాయించేవాళ్లు, ఆము దాన్ని బడుల్లోకి తెచ్చి దేశమంతా వ్యాపింపజేశాడు. గంటకు పైగా ఓపిగ్గా కూర్చున్నారాయన, డబ్బులు వద్దన్నారు. బలవంతంగా 100 చేతిలో పెట్టాం. అక్రాలో ఏజెంటుకు మొదట కట్టినదాంతో ఆయన దగ్గర పద్దెనిమిది పాఠాలు చెప్పించుకోవచ్చు.

వెళ్లేవాళ్లు చిల్లర నోట్లు ఎక్కువ పెట్టుకోండి, ట్రోట్రో మేటు (కండక్టరు) దగ్గర వందకు చిల్లర ఉండదు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత పెకి నుంచి బండ్లు తక్కువ, శనివారమే తిరిగి బయల్దేరండి. కోయిర్ ప్రాక్టీస్ ఏ రోజో ఊళ్లో దిగగానే చర్చి దగ్గర అడిగి, దాన్ని బట్టి రూమ్ తీసుకోండి. పిల్లనగ్రోవి పెకిలోనే కొనండి, మాకు 60కి వచ్చింది. అక్రా బజార్లో అదే 150 చెప్పారు, పైగా శ్రుతి కలవలేదు.