ఫుట్‌బాల్ ప్రిడిక్షన్ యాప్: 399 పెడితే పోయిన ఏడాది టేబులే ఇచ్చారు

ఐదుకి రెండు స్టార్లు. మ్యాచ్ టైములు మన టైముకి మార్చి చూపిస్తుంది కాబట్టి ఒకటి, బెట్టింగ్ లింకులు ఎక్కడా పెట్టలేదు కాబట్టి ఇంకోటి.

2024 ఆగస్టులో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ లీగ్ ప్రీమియర్ లీగ్ మొదలయ్యే ముందు ఈ యాప్‌లో ఏడాది ప్యాక్ కొన్నాం. నెల్లూరు దర్గామిట్టలో కలిసి మ్యాచ్‌లు చూసే మా నలుగురం తలా వంద వేసుకున్నాం. టైటిల్ రేసులో ఎవరుంటారు, ఎవరు కిందికి పోతారు, అన్నీ ముందే చెప్తామన్నారు. సీజన్ అంతా వాడాకే రాస్తున్నా.

వాళ్లిచ్చిన టేబుల్‌లో మాంచెస్టర్ సిటీ ఒకటి, ఆర్సెనల్ రెండు, లివర్‌పూల్ మూడు, టాటెన్‌హామ్ ఐదు. అవి 2023-24లో వాళ్లకొచ్చిన స్థానాలే కదన్నా! చివరికి లివర్‌పూల్ 84 పాయింట్లతో కప్పు కొట్టింది, సిటీ 71తో మూడో చోట ఆగింది, టాటెన్‌హామ్ 17కి పడిపోయింది (అదే ఏడాది యూరప్ క్లబ్‌ల టోర్నీ యూరోపా లీగ్ గెలిచింది, అది వేరే కథ). అంతకుముందు 17లో ఉన్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఏడుకి ఎక్కింది.

తప్పు చెప్పినందుకు నాకు కోపం లేదు. 2015-16లో లెస్టర్ గెలుస్తుందని ఎవరనుకున్నారు? మా బాబాయికి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. పోయిన పంటకి ఎన్ని టన్నులొచ్చాయో చూసి ఈ పంట దిగుబడి చెప్పడాయన, సీడు ఎక్కడిది, నీళ్లు ఎట్లున్నాయి, వానలెప్పుడు అని చూస్తాడు. డబ్బు తీసుకునే యాప్ ఆ మాత్రం చూడాలి. సెప్టెంబర్‌లో ఆర్సెనల్ మీద ఆడుతూ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రికి మోకాలు పోయింది, అక్కడితో సిటీ మిడ్‌ఫీల్డ్ ఖాళీ. నవంబర్ నుంచి డిసెంబర్ మొదటికల్లా లీగ్‌లో వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడారు, యాప్‌లో మాత్రం సిటీనే ఫస్ట్! గాయాల లిస్టులో రోడ్రి పేరుంది, ఆ లిస్టుకీ ప్రిడిక్షన్‌కీ సంబంధం లేదు. మెయిల్ పెడితే జవాబే లేదు.

అసలు చూడాల్సింది కోచ్‌ని, వారం మధ్యలో పడే యూరప్ టోర్నీ మ్యాచ్‌ల భారాన్ని. నాపోలీ 2022-23లో ఇటలీ ఛాంపియన్, తర్వాత కోచ్ స్పల్లెట్టి, డిఫెండర్ కిమ్ మిన్ జే వెళ్లిపోయారు, మరుసటేడు పదో స్థానం. ఆ పైఏడు యూరప్ మ్యాచ్‌లే లేవు, కోచ్‌గా కాంటె వచ్చాడు, వారమంతా ప్రాక్టీసుకి దొరికింది, మళ్లీ ఛాంపియన్. అయితే కోచ్ మారితే దెబ్బే అని కూడా అనలేం. లివర్‌పూల్‌లో కోచ్ క్లాప్ వెళ్లాక వచ్చిన స్లాట్, దాదాపు ఉన్న ఆటగాళ్లతోనే గ్రావెన్‌బెర్క్‌ని వెనక మిడ్‌ఫీల్డ్‌లో ఆడించి మొదటి ఏడే లీగ్ కొట్టాడు. ఇలాంటి విషయం మీద యాప్‌లో ఒక్క పేరా కూడా లేదు.

షెడ్యూల్, గాయాల లిస్టు ఫ్రీ వెర్షన్‌లోనూ వస్తాయి, అవి వాడుకోండి, బాగుంటాయి. ప్యాక్ మాత్రం మేం రెన్యూ చేయలేదు. వేసవి ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు ఆటగాళ్లని కొనే, అమ్మే గడువు) మూసే దాకా ఆగి, ఎవరికి యూరప్ మ్యాచ్‌లున్నాయో, ఎవరి కోచ్ మారాడో మా నలుగురమే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాం.